చల్లటి నీళ్ళలో గిలక్కాయ

ఆ ప్లాస్టిక్ చేపని మా ఆయన గిలక్కాయ అనేవారు. వేలెడు పొడవు, పక్కల నుంచి నొక్కినట్టు పల్చటి ఒళ్ళు, వెండి రంగు. కడుపులో ఉక్కు గుండ్లు ఉండేవి, ఊపితే గలగలలాడేవి. గాలానికి కట్టే మిగతా ఉత్తుత్తి చేపలకి మూతి కింద ఒక రేకు ఉంటుంది. లాగినప్పుడు ఆ రేకే నీళ్ళను తోసి చేపని కిందికి దింపుతుంది. దీనికి ఆ రేకు లేదు. దారం వీపు మీద కడతారు. వదిలేస్తే రాయిలా మునుగుతుంది, లాగితే ఒళ్ళంతా వణుకుతుంది. చేపలు పట్టడం ఎరగని నాకు ఇదంతా ఎలా తెలుసంటే, ఆ చలికాలమంతా మా ఇంట్లో వేరే మాట లేదు.

సౌదీలో తబూక్ వైపు ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో నేను నర్సుని. మా ఇద్దరిదీ గోదావరి జిల్లాయే. ఆయన తబూక్ దగ్గర పెద్ద పెద్ద పొలాలకి పంపులు బిగించే ఒక కంపెనీలో మెకానిక్‌గా ఉండేవారు. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖత్ పద్ధతి వచ్చాక, సౌదీ మనుషులు సరిపడా లేరని ఆ కంపెనీని ఎర్ర రంగులో పెట్టారు. ఎర్ర రంగులో పడ్డ కంపెనీ తన పనివాళ్ళ ఇఖామాలు, అంటే అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి కార్డులు, రెన్యూ చేయించలేదు. ఇఖామా లేని మనిషి రోడ్డు మీదకి రావడానికే భయపడాలి. తోటివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆయన్ని మాత్రం ఎలాగో తంటాలుపడి నా ఇఖామా మీదకి మార్పించుకున్నాను. కొత్త కార్డు మీద, భర్త అనీ, పని చేయడానికి అనుమతి లేదనీ అరబ్బీలో రాసి ఉండేది.

కాగితాల ప్రకారం నేను ఆయనకి కఫీల్‌ని, అంటే ఆయన అక్కడ ఉండటానికి పూచీ నాది. మొదట్లో ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నేను డ్యూటీ నుంచి రాగానే "కఫీల్ గారూ, టీ పెట్టమంటారా?" అనేవారు. తర్వాత కుటుంబ సభ్యుల మీద తలకింతని లెవీ పన్ను వచ్చింది. ఇఖామా రెన్యూవల్‌కి ఏడాది లెవీ అంతా ముందే కట్టాలన్నారు, ఏటేటా పెరుగుతుందన్నారు. అప్పటి నుంచి ఆయన ఆ హాస్యం మానేశారు.

ఇంట్లో ఒక్కరే కూర్చోలేక సముద్రానికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఊరికి ఉత్తరాన సముద్రం సన్నటి పాయలా నేలలోకి చొచ్చుకొచ్చిన చోటు ఉంది. అక్కడివాళ్ళు షర్మ్ అంటారు. దాని బయట నీళ్ళలో బోనులు దింపి సీబాస్ చేపలు పెంచేవాళ్ళు. మన పండుగప్పలాంటి చేప అది. ఒకసారి పెద్ద గాలికి వలలు చిరిగి, తప్పించుకున్న చేపలు షర్మ్‌లో చేరాయని ఊళ్ళో చెప్పుకున్నారు. మా ఆయన పాత సైకిలు ఒకటి సంపాదించి, గాలం కర్ర దానికి కట్టుకుని పొద్దున్నే బయల్దేరేవారు. వేడిగా ఉన్నన్నాళ్ళు చేపలు బాగానే పడ్డాయి. గిలక్కాయని విసిరి గబగబా చుట్టుకొస్తే చాలు, వెంటబడి మింగేవి.

చలి రాగానే అంతా ఆగిపోయింది. ఎడారి చలి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు నమ్మరు. తెల్లవారేసరికి ఆసుపత్రి వ్యాను అద్దాల మీద మంచు పేరుకునేది. లోతు లేని ఆ షర్మ్ నీళ్ళు, పాదం పెడితే జివ్వుమనేంత చల్లబడేవి. ఆయన రోజూ వెళ్ళడం, రోజూ వట్టి చేతులతో రావడం. వచ్చి మాట్లాడకుండా గోడకేసి కూర్చునేవారు. గడ్డం గీసుకోవడం మానేశారు. వార్డులో ఉన్నా నా ప్రాణమంతా ఇంటి మీదే ఉండేది. ఫోన్ చేస్తే ఎత్తేవారు, "ఊఁ" అని పెట్టేసేవారు. ఆ "ఊఁ" కోసమే నేను మళ్ళీ మళ్ళీ చేసేదాన్ని.

ఒకరోజు ఇంటికొచ్చేసరికి ఆయన స్నానాల గదిలో ఉన్నారు. తలుపు తీసే ఉంది. నీళ్ళు నింపిన బకెట్టు ముందు గొంతుక్కూర్చుని, గిలక్కాయని చేత్తో ఎత్తుతూ, దింపుతూ ఉన్నారు. పక్కనే ఫోన్‌లో వీడియో నడుస్తోంది. ఏదో మంచు దేశంలో, దళసరి కోట్లు తొడుక్కున్న మనుషులు నోట్లోంచి ఆవిరి వస్తుండగా పడవ మీద నిలబడి ఇలాంటి చేపలనే పడుతున్నారు.

 మనిషికి మతి గాని చలించిందా అనుకున్నాను.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"ఇలా రా, చూడు." ఆయన తల కూడా ఎత్తలేదు. "నేను తప్పు చేస్తున్నాను. చలిలో చేపకి ఒళ్ళు బద్ధకం. పరిగెత్తేదాని వెంట అది రాదు. అడుగున గడ్డి పక్కన పడుకుని ఉంటుంది. మనం దీన్ని అడుగుదాకా మునగనివ్వాలి. తర్వాత కర్ర మెల్లిగా ఎత్తాలి. ఎంత? ఇది ఒక్కసారి వణికిందని చేతికి తెలిసేంతే. అంతకంటే ఎత్తకూడదు. మళ్ళీ పడనివ్వాలి."

"పడనిస్తే?"

"పడేటప్పుడే పట్టుకుంటుంది. లాగేటప్పుడు కాదు. పడేది చచ్చిపోతున్న చేపలా ఉంటుంది దానికి. కష్టపడకుండా దొరుకుతుంది కదా. దారం మరీ బిగించకూడదు, మరీ వదిలేయకూడదు. బిగిస్తే ఇది సరిగా పడదు, వదిలేస్తే పట్టిన సంగతి మనకి తెలియదు."

చాలా రోజుల తర్వాత ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడారు. నేను అక్కడే గడప మీద కూర్చుని విన్నాను. ఏమీ అర్థం కాకపోయినా మధ్య మధ్య ప్రశ్నలు వేశాను.

ఆ వారంలోనే మొదటి చేప తెచ్చారు. ఎండ బాగా ఎక్కి లోతు తక్కువ నీళ్ళు కాస్త వెచ్చబడ్డాక, గడ్డి అంచున దొరికిందట. గిలక్కాయ గడ్డిలో చిక్కుకుంటే, ఊడదీయడానికి ఒక్క ఊపు ఊపారు. అది గడ్డిలోంచి చటుక్కున బయటపడి కిందికి జారుతుండగా కర్ర బరువెక్కింది. "కొట్టినట్టు కూడా లేదే. తడిగుడ్డ తగులుకున్నట్టుంది, అంతే" అన్నారు. అప్పట్నుంచి కావాలనే గడ్డికి తగిలించి ఊడదీసేవారు. నీళ్ళు తేటగా ఉన్న రోజు ఎక్కువ చప్పుడు చేసేదాన్ని వాడకూడదని, ఒకటే గుండు ఉన్న గిలక్కాయని తబూక్ నుంచి తెప్పించుకున్నారు. గడ్డం కూడా గీసుకున్నారు. నాకు కాస్త ఊపిరాడింది.

అది ఎన్నాళ్ళో లేదు. చేపలు ఎక్కువయ్యాక పంచడం మొదలైంది. మా నర్సుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. నన్ను చెల్లె అనేవాడు, ఆ లెక్కన మా ఆయన్ని బావ అనేవాడు. అతనికో చేప ఇచ్చాం, పక్కింటివాళ్ళకి ఇచ్చాం. తర్వాత బస్టాండు దగ్గర చిన్న హోటలు నడిపే ఒకతను తనకీ కావాలంటే, మా ఆయన తీసుకెళ్ళి ఇచ్చారు. ఆ మాట డ్రైవరన్న చెబితేనే నాకు తెలిసింది. ఆ రోజు ఇంట్లో గొడవ పెట్టుకున్నాను.

"హోటలువాడికి ఇస్తే అమ్మినట్టేనండీ. మీ కార్డు మీద ఏం రాసుందో మర్చిపోయారా? ఎవరైనా చూసి చెబితే మిమ్మల్ని తీసుకెళ్ళిపోతారు. నా ఇఖామాకీ చుట్టుకుంటుంది."

"డబ్బు తీసుకోలేదు. భోజనం పెట్టాడు, తిన్నాను."

"అదీ కూలి కిందికే వస్తుందంటారు వాళ్ళు."

 "నా చేత్తో సంపాదించిన అన్నం తిని ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?" అన్నారు.  చివరికి ఇంకెప్పుడూ ఇవ్వనని మాటిచ్చారు. ఆ మాట మీద నాకు పూర్తి నమ్మకం కుదరలేదు. మర్నాటి నుంచి ఆయన సైకిలు మీద చేపల సంచి కనిపిస్తే, అది ఎటు పోతుందోనని చూసేదాన్ని.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఊళ్ళో తనిఖీలు మొదలయ్యాయి. మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా ఒక తోటి నర్సు వచ్చి, బస్టాండు దగ్గర ఇఖామాలు తనిఖీ చేసే జవాజాత్ పోలీసులు బండ్లు పెట్టి అందరి కార్డులూ చూస్తున్నారని, హోటల్లోంచి కూడా మనుషుల్ని ఎక్కించుకెళ్ళారని చెప్పింది. నేను వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. అదే. చేతిలో ఉన్న సెలైన్ సీసా ఎవరికి పెట్టాలో ఒక్క క్షణం గుర్తు రాలేదు. అది చూసి ఆ నర్సే నా చేతిలోంచి సీసా తీసుకుని, "నువ్వు వెళ్ళు, నేను చూసుకుంటాను" అంది.

డ్రైవరన్న గేటు దగ్గరే ఉన్నాడు. సంగతి చెప్పాను.

"గాబరపడకు చెల్లె. ఫోన్ల ఛార్జింగ్ అయిపోయిందేమో. నడువు, ముందుగాల షర్మ్ కాడికి పోయి చూద్దాం."

"హోటల్లో ఉంటేనో అన్నా?"

"హోటల్ల ఉంటే ఇప్పటికే తీస్కపోయి ఉంటరు. ఆడికి పోయి మనం జేసేదేముంది? బావ నీళ్ళకాడనే ఉంటడు. మాటిచ్చిండు గదా నీకు."

దారి పొడుగునా నేను మనసులో ఒకటే లెక్కపెట్టుకుంటున్నాను. పట్టుకుంటే తబూక్ తీసుకెళ్తారా? నాతో మాట్లాడనిస్తారా? వేలిముద్రలు తీసుకుని పంపేస్తే మళ్ళీ ఈ దేశంలోకి రానివ్వరు. చలిబట్టలు వేసుకున్నారో లేదో కూడా నేను పొద్దున చూడలేదు.

షర్మ్ ఒడ్డున ఆయన సైకిలు బండరాయికి ఆనించి ఉంది. ఫ్లాస్కు ఉంది. మనిషి లేడు. నీళ్ళకేసి చూశాను. గాలికి సన్నగా ముడతలు పడుతున్న ఆ పచ్చటి నీళ్ళు చూడగానే జవాజాత్ సంగతే మర్చిపోయాను. పేరు పెట్టి ఎప్పుడూ పిలవని నేను ఆయన్ని పేరుతో గట్టిగా పిలిచాను.

"చెల్లె, అగో అటు చూడు" అన్నాడు డ్రైవరన్న.

ఒడ్డు వంపు తిరిగిన చోట తీరం కాపలా వాళ్ళ జీపు ఆగి ఉంది. దాని పక్కన ఆయన నిలబడి ఉన్నారు. కుడిచేతిని ఎడమచేత్తో గుండెకి అదుముకున్నారు. కాళ్ళ దగ్గర చేపల సంచి. ఒక సైనికుడు ఆయన కార్డు పట్టుకుని ఏదో అడుగుతున్నాడు. నేను పరిగెత్తాను.

ఆసుపత్రిలో నేర్చుకున్న అరబ్బీలో సలాం చెప్పి, ఈయన నా భర్త అన్నాను. సైనికుడు కుర్రవాడే. నా నర్సు దుస్తులు చూసి కాస్త మర్యాదగానే మాట్లాడాడు. నా ఇఖామా అడిగాడు. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. మొహంలోకి నవ్వు వచ్చింది.

"నువ్వు ఇతనికి కఫీల్‌వా?"

"అవును."

"అయితే నువ్వే చెప్పు. ఇతను చేపలు అమ్ముతాడా?"

ఆయన నాకేసి చూడలేదు. నీళ్ళకేసి చూస్తున్నారు.  ఆయన మాటిచ్చారని తప్ప నాకింకేం తెలుసు?

"లేదు. మేం తింటాం. ఆసుపత్రిలో తెలిసినవాళ్ళకి ఇస్తాం."

సైనికుడు సంచి విప్పి చూశాడు. ఎక్కువ లేవు. ఇంత చల్లటి నీళ్ళలో ఇవి ఎలా పడ్డాయని అడిగాడు.  నేనే బకెట్టు దగ్గర విన్నదంతా వచ్చీరాని అరబ్బీలో చెప్పాను, చేత్తో ఎత్తి, దింపి చూపిస్తూ.  సైనికుడు విని తల ఊపాడు. కార్డులు రెండూ నా చేతికే ఇచ్చాడు. బోనుల వైపు వెళ్ళకూడదని, ఈ రోజుల్లో సంచితో రోడ్డెక్కితే ఎవరైనా ఆపుతారని చెప్పి జీపెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు చూశాను ఆయన చెయ్యి. గిలక్కాయకి ఉన్న మూడు ముళ్ళ గాలంలో ఒక ముల్లు బొటనవేలి కండలో దిగిపోయి ఉంది. గిలక్కాయ వేలికి వేలాడుతోంది. జీపు రావడం చూసి కంగారులో చేప నోట్లోంచి గాలం ఊడదీస్తుంటే, చేప కొట్టుకుని గుచ్చుకుందట. ఫోన్ అంతకు చాలా ముందే నీళ్ళలో పడిందట. అంతసేపూ ఆ చేత్తోనే నిలబడి జవాబులు చెప్పారు.

"ఆసుపత్రికి పోదాం బావా" అన్నాడు డ్రైవరన్న.

"వద్దు. అక్కడ ఎలా అయిందని అడుగుతారు. నువ్వే తియ్యి" అన్నారు నాతో.

వ్యాన్‌లో ఉన్న మందుల పెట్టె తెచ్చాం. ముల్లుకి వెనక్కి తిరిగిన చిన్న కొన ఉంటుంది, ఎటు లాగినా కండని చీలుస్తుంది. మిగతా ముళ్ళు తగలకుండా డ్రైవరన్న గిలక్కాయని ఊడదీశాడు. గాలం వంపులో గట్టి దారం చుట్టి, కాడని వేలికేసి అదిమి పట్టుకున్నాను. వార్డులో ఇలాంటివి ఎన్నో ఒక్క లాగుకే తీశాను. ఇప్పుడు దారం రెండుసార్లు జారింది. మూడోసారి ఒక్క లాగు లాగాను. వచ్చేసింది. ఆయన అరవలేదు. కట్టు కడుతుంటే మెల్లగా అన్నారు.

"నన్ను పంపించెయ్."

"నొప్పి మీద ఏదో అంటున్నారు."

"నొప్పి కాదు. వాడు కార్డులు నీ చేతికిచ్చాడు చూశావా? నాది కూడా నీకే ఇచ్చాడు. తప్పు వాడిది కాదు. నేను ఎవరో నువ్వు చెప్పాలి, నేనేం చేస్తానో నువ్వు చెప్పాలి. ఇంటికెళ్తే పంపులు బాగుచేసుకుని బతుకుతాను. ఎగ్జిట్ కొట్టెయ్."

డ్రైవరన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. "గట్లనకు బావా. చెల్లె ఒక్కతె ఎట్లుంటది ఈడ?" అన్నాడు గాని, ఆ మాటలో పట్టు లేదు. డ్రైవరన్న భార్యాపిల్లలు లెవీ రాగానే ఇంటికెళ్ళిపోయారు.

ఎగ్జిట్ అంటే ఇక తిరిగి రాకుండా దేశం వదిలి వెళ్ళే అనుమతి. కఫీలే ఇవ్వాలి. ఆయన విషయంలో నేనే నా ఫోన్‌లో ప్రభుత్వ యాప్ తెరిచి నొక్కాలి. అది తెలిసే ఆయన అడిగారు. నేను చాలా రోజులు దాటవేశాను. లెవీ కట్టేద్దాం, ఈ ఒక్క ఏడాదీ ఉండండి అని బతిమాలాను. ఆయన ఉంటే ఒక భయం, వెళ్తే ఇంకో భయం. ఒక్కదాన్నీ ఆ గదిలో తలుపు గడియ పెట్టుకుని ఉండటం ఊహించుకోలేకపోయేదాన్ని. రెన్యూవల్ గడువు దగ్గరపడుతున్న కొద్దీ నాకు అన్నం సహించేది కాదు.

ఒక సెలవు రోజు ఆయనే, "ఒకసారి నాతో రా" అన్నారు. డ్రైవరన్న షర్మ్ దగ్గర దింపి వెళ్ళాడు. మధ్యాహ్నపు ఎండ వీపు మీద హాయిగా ఉంది. ఆయన బొటనవేలు ఇంకా పూర్తిగా మానలేదు, కర్ర నాకిచ్చారు. వెనక నిలబడి విసరడం నేర్పారు. మొదటివి రాళ్ళ మీద పడ్డాయి. తర్వాత ఒకటి గడ్డి అంచు దాకా వెళ్ళింది.

"మునగనీ. తొందరపడకు. దారం వదులైంది చూడు, అడుగుకి చేరింది. ఇప్పుడు ఎత్తు. ఆఁ, చాలు. వణికిందా?"

"వణికింది."

"పడనీ."

ఎత్తడం, పడనివ్వడం. ఎత్తినప్పుడు సన్నటి వణుకు చేతిదాకా వచ్చేది. పడనిచ్చినప్పుడు ఏమీ తెలిసేది కాదు. ఆ ఏమీ తెలియని సమయం నాకు భరించరానిదిగా ఉండేది. గబగబా చుట్టేయబోతే ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపేవారు. అలా ఎంతసేపు చేశామో. ఒకసారి ఎత్తబోతే కర్ర లేవలేదు. గడ్డి అనుకున్నాను. గడ్డి పక్కకి జరిగింది.

"ఒక్కసారిగా లాగకు, నోరు చీరి ఊడిపోతుంది. దారం బిగువు తగ్గకుండా చుట్టు, అంతే."

చుట్టాను. నాలో ఉన్న భయమంతా ఆ దారం మీదే పెట్టినట్టుంది, చుట్టూ ఇంకేమీ కనబడలేదు. ఆయన మోకాళ్ళ దాకా ఆ చలినీళ్ళలోకి దిగి చేపని అందుకున్నారు. మంచి పెద్దది. ఒళ్ళంతా వెండిలా ఉంది. ఆయన మొహం చూశాను. పంపుల కంపెనీలో ఉన్న రోజుల్లో పని ముగించుకుని ఇంటికొచ్చే మనిషి మొహం అది.

ఈ మనిషిని ఇక్కడ ఉంచుకుంటే రోజూ కాస్త కాస్తగా పోగొట్టుకుంటానని అప్పుడు అనిపించింది. ఇంటికెళ్ళాక చేప పులుసు పెట్టాను. తిన్నాక ఫోన్ తీసి ఆయన పక్కన కూర్చున్నాను.

"చూస్తూ ఉండండి. ఒక్కదాన్నీ నొక్కలేను" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. నొక్కాను.

తబూక్ విమానాశ్రయం దాకా డ్రైవరన్నే తీసుకెళ్ళాడు. లోపలికి వెళ్ళేముందు ఆయన నాతో గ్యాసు సిలిండరు ఎలా మార్చాలో మళ్ళీ చెప్పారు, డ్రైవరన్నతో "చెల్లెల్ని చూసుకో" అన్నారు. "నువ్వు చెప్పాల్నా బావా" అన్నాడు డ్రైవరన్న, కళ్ళు తుడుచుకుంటూ. 

ఆయనకి భీమవరం దగ్గర చేపల చెరువుల్లో పని దొరికింది. పంపులు, నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు బాగుచేయడం. మొదటి నెల ఫోన్‌లో గొంతు నీరసంగానే ఉండేది. తర్వాత ఒకరోజు నేను చేస్తే, "పని మీద ఉన్నాను, తర్వాత చేస్తాను" అని పెట్టేశారు. ఆ మాటకి నేను ఆ రోజంతా వార్డులో సంతోషంగా తిరిగాను.

నేను ఒప్పందం పూర్తయ్యేదాకా ఇంకో రెండేళ్ళు ఉన్నాను. ఈలోగా డ్రైవరన్న కంపెనీ కూడా ఎర్ర రంగులో పడి, అతనూ వెళ్ళిపోయాడు. ఆ రెండేళ్ళూ గడియ పెట్టిన తలుపుని రెండుసార్లు చూసుకోనిదే పడుకోలేదు, కాని పడుకున్నాక నిద్రపట్టేది. ఒప్పందం ముగిశాక మళ్ళీ సంతకం పెట్టమని ఆసుపత్రి వాళ్ళు అడిగారు. పెట్టలేదు.

రాజమండ్రిలో దిగేసరికి ఆయన గేటు బయట నిలబడి ఉన్నారు. ఎండకి నల్లబడ్డారు, చొక్కా మీద గ్రీజు మరక ఉంది. పనిలోంచి అలాగే వచ్చేశారట. నా పెట్టె అందుకుని, "ఆకలేస్తోందా?" అని అడిగారు.